జమ ఎడమ పక్క

మొన్న ఇరవయ్యో తారీకున నిజామాబాద్‌లో మా వదిన నడిపే పన్ను లెక్కల ఆఫీసుకు వెళ్లాను. జీఎస్టీ రిటర్నులకు ఆఖరి రోజని తెలిసి కూడా వెళ్లడం నా తెలివితక్కువతనం. నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీకి వచ్చి కామర్స్ పిల్లలతో ఒక గంట మాట్లాడమని అడుగుదామని వెళ్లాను. ఫోన్లో అడిగితే కుదరదంటుంది, ఎదురుగా నిలబడితే కాదనలేదు. మెట్ల మీద నుంచే జనం. మోర్తాడ్ నుంచి వచ్చిన పసుపు వ్యాపారి ఒకాయన, భీమ్‌గల్‌లో స్టీలు సామాను దుకాణం నడిపే ఇంకొకాయన, ఒంటి మీద సిమెంటు దుమ్ముతోనే వచ్చిన ఒక డీలరు, అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లనిండా బిల్లులు. మా వదిన కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే "బిల్లులన్ని తెచ్చినవా?" అని నన్నడిగింది. జొన్న రొట్టెలు తెచ్చానంటే అప్పుడు చూసింది. "నువ్వా! కూసో పిల్లా. ఇయ్యాల రిటర్నులు, సుట్టరికం రేపు" అని మళ్లీ పనిలో పడిపోయింది. నా తల సగం నెరిసింది, అయినా ఆమెకు నేను పిల్లనే.

పక్క కుర్చీలో ఉన్న పసుపు వ్యాపారి మర్యాదస్తుడు. "అక్కకు మీరేమైతరు?" అని అడిగాడు. "ఆడబిడ్డను. ఆమెకు లెక్కలు నేర్పింది నేనే" అన్నాను, నలుగురికీ వినిపించేట్టు. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, పెద్దవాళ్లు చిన్నపిల్లల గొప్పలు విన్నట్టు విని, "గట్లనా మేడం" అన్నాడు. స్టీలు సామాను ఆయన నవ్వు ఆపుకున్నాడు. మా వదినకు చెవులు పనిచేస్తున్నాయని నాకు తెలుసు, కానీ సాక్ష్యం చెప్పడానికి ఒక్క ముక్క మాట్లాడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేర్పింది నేనే. నేర్చుకున్న తీరు మాత్రం పూర్తిగా ఆమెది.

మా వదిన ధర్మాబాద్ వైపు పిల్ల. అటు మరాఠీ, ఇటు తెలుగు, సంతలో ఉర్దూ. కోపం వస్తే మూడూ కలిసి వచ్చేవి, కోపం తరచుగానే వచ్చేది. వాళ్ల నాన్నది రైతుల బెల్లం కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం. ఆయనకు చూపు మందగించడంతో ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి బహీ లెక్కల పుస్తకం పదేళ్లు దాటీ దాటకముందే కూతురి చేతికొచ్చింది. పావడా సర్దుకుని గద్దె మీద కూర్చుని, పెద్ద పెద్ద మీసాల రైతులు చూస్తుండగా జమ ఎడమ పక్క, నావె కుడి పక్క రాసేది. మనకు వచ్చింది జమ, మనం ఇచ్చింది నావె. ఇంటర్ అయిపోగానే పెళ్లి చేసి మా ఇంటికి పంపారు. మాది బోధన్ పక్కన ఊరు. గానుగ కాలంలో గాలి నిండా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన, రోడ్డు నిండా చెరుకు బళ్లు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ పాలు పోసే ఇళ్ల లెక్కంతా వచ్చిన వారానికే వదిన తన చేతిలోకి తీసుకుని, గోడ మీద బొగ్గుతో గీసిన గీతలన్నీ సున్నం కొట్టించి చెరిపేసింది. మా అవ్వ ఆ గోడ వైపు చాలా రోజులు దిగులుగా చూసేది.

మా బాపు, అంటే మా నాన్న, నిజాంసాగర్ కాలువ మీద లస్కర్. తూములు తెరవడం, మూయడం, ఎవరి వంతు నీళ్లు వాళ్లకు పారించడం ఆయన పని. కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న రైతులు, ఊళ్లో ముందునుంచీ ఉన్న రైతులు, పెద్ద ఆసామి, చిన్న ఆసామి, అందరికీ ఒకటే వంతు. తన వంతు నాడు నిద్రపోయినవాడికి మళ్లీ నీళ్లిచ్చిన పాపాన పోలేదు. ఒక్క సందర్భంలో తప్ప: గట్టు తెగి ఒకరి వంతు నీళ్లు ఇంకొకరి మడిలోకి పోతే, అప్పుడు మళ్లీ ఇచ్చేవాడు. ఇచ్చే ముందు గట్టు ఎవరు తెంపారో విచారించేవాడు. ఇంట్లో కూడా ఆయన మాట తూము తలుపు లాంటిదే. దించితే దించినట్టే.

ఆ రోజుల్లో బోధన్‌లో అమ్మకం పన్ను వకీలు ఒకాయన ఉండేవాడు. పాత బస్తీలో తరాలుగా ఉన్న ఇల్లు, తెల్లటి గడ్డం, అందరూ వకీల్ సాబ్ అనేవారు. అమ్మకం పన్ను పోయి వ్యాట్ వచ్చిన కొత్త కావడంతో వ్యాపారులు ఆయన మీద ఎగబడుతున్నారు, ఆయన దగ్గర రాసేవాళ్లు లేరు. మా అన్న తన లారీ కాగితాల కోసం వెళ్తూ వదినను వెంట తీసుకుపోయాడు. అక్కడ ఆమె ఊరుకోకుండా బల్ల మీది బిల్లులు కూడి, కూడిక తప్పుందని చెప్పింది. వకీల్ సాబ్ కళ్లద్దాలు పైకి జరిపి చూసి, "లెక్కల సర్టిఫికెట్ పరీక్ష పాసై రా బేటీ. గా కుర్చీ నీదే" అన్నాడట. ఇంటికి వచ్చిన మనిషి మనిషిలా లేదు. ఆ కుర్చీకి చేతులున్నాయని, కిటికీ పక్కనుందని, ఫ్యాను సరిగ్గా దాని మీదే తిరుగుతుందని రొట్టె రొట్టెకూ చెప్పింది. మా అవ్వకు ఇష్టం లేదు. మా అన్న మంచివాడు, ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ల వైపు. మిగిలింది బాపు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు చెప్పాడు: "సదువుకుంటనంటే వద్దంటలేను. ఒక్కసారి రాస్తది. పాసైతే నౌకరికి పోతది, కాకుంటే ఇంట్ల ఉంటది. వంతంటే వంతే."

అలా నేను గురువునయ్యాను. నిజామాబాద్‌లో బీకాం చదువుతూ రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. గురువుకు కావలసిన ఓపిక తప్ప అన్నీ ఉండేవి నాకు. సాయంత్రం పొయ్యి ముందే బడి. ఆమె రొట్టెలు తట్టేది, నేను పుస్తకం పట్టుకుని చెప్పేదాన్ని, రొట్టెలు తట్టే చెక్క కోన్‌పీట మీది జొన్నపిండిలో ఆమె వేలితో లెక్క గీసేది. మొదట నగదు పుస్తకం. వచ్చిన డబ్బు ఎడమ, పోయిన డబ్బు కుడి. చెప్పకముందే రాసేసింది. ఇంత తెలివైన శిష్యురాలు దొరికినందుకు నా బోధన మీద నాకే గౌరవం పెరిగింది. మనుషుల ఖాతాలు మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. ఒక మనిషి మనకు డబ్బు కడితే అతని ఖాతాలో కుడి పక్కన రాయాలి, అదే క్రెడిట్. ఆమె చేయి మాత్రం ఎడమకే పోయేది. వాళ్ల నాన్న బహీలో జమ ఎడమ, మా కాలేజీ పుస్తకంలో అదే జమ కుడి. ఆమె పిండి చేతులు నడుముకు పెట్టుకుని నన్ను నిలదీసింది.

"నగదు పుస్తకంల వచ్చింది ఎడమకున్నది. మనిషి ఖాతాల వచ్చింది కుడికెట్ల పోయింది? నడుమ దారి తప్పిందా?"

"మా సార్ గట్లనే చెప్పిండు వదినా."

"మీ సార్ ఎన్నడన్న దుకాణంల కూసున్నడా?"

తెలియనప్పుడు గురువులు చేసే పనే చేశాను, గొంతు పెంచి బట్టీ పట్టమన్నాను. ఆమె మరాఠీలో ఏదో అంది. నాకు అర్థం కాకపోవడం మా ఇద్దరికీ మంచిదైంది.

పన్ను లెక్కల దగ్గర మాత్రం మాకు గొడవ రాలేదు, వచ్చిన ఒక్క గొడవా మా అవ్వతో వచ్చింది. పన్నుతో కలిపి ధర ఇచ్చి, అందులో పన్ను ఎంతో తీయమనే లెక్క ఒకటుంటుంది. పన్ను నూటికి పన్నెండున్నర అనుకోండి. అంతా కలిపి నూటపన్నెండున్నర రూపాయల సామానులో పన్నెంత? చాలామంది నూటపన్నెండున్నర మీద మళ్లీ పన్నెండున్నర శాతం కట్టి తప్పు చేస్తారు. వదిన కూడా మొదట అలాగే చేసింది. నేను పాల గిన్నె ముందు పెట్టి, "వంద గ్లాసుల పాలల్ల పన్నెండున్నర గ్లాసుల నీళ్లు పోసినం. గిన్నెల ఇప్పుడు నూటపన్నెండున్నర. అండ్ల నీళ్లెన్ని?" అన్నాను. వదిన నవ్వి, పోసినన్నే ఉంటాయంది. అర్థమైంది ఆమెకు. అర్థం కానిది మా అవ్వకు. పాలు పోయించుకోవడానికి పక్కింటామె అప్పుడే వాకిట్లోకి వచ్చింది. "నీళ్ల పేరెత్తకుర్రి! నాలుగిండ్లకు పాలు పోసేటోళ్లం, ఎవలన్న ఇంటే ఏమనుకుంటరు?" అని అవ్వ మా మీద పడింది. పక్కింటామె వారం పాటు పాలు వేలితో ముట్టి చూసుకుని తీసుకెళ్లింది. ఆ తర్వాత కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి తీసేసి మిగిలింది కట్టే పద్ధతి చెబితే, "బరోబర్! ఇది న్యాయం" అని వదిన సర్కారుకు మార్కులు వేసింది.

పరీక్ష గానుగ కాలంలో పడింది. నిజామాబాద్ పోయే దారి నిండా చెరుకు ట్రాక్టర్లు. మా బస్సు వాటి వెనక పెళ్లి ఊరేగింపులా నడిచింది. హాలుకు చేరేసరికి గంట కొట్టేశారు. వదిన చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలో పరుగెత్తడం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. బయటికి వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. "రెండు దిక్కులు పైసతోని సహా కలిసినయి పిల్లా!" అంది. నాకక్కడే అనుమానం వచ్చింది. రెండు పక్కలూ తారుమారు చేసి రాసినా, అన్నీ ఒకే తీరున తారుమారు చేస్తే మొత్తాలు కలుస్తాయి మరి. సరుకు అరువు తీసుకున్న మనిషి ఖాతా ఏ పక్క రాశావని మెల్లగా అడిగాను. ఆమె గాలిలో వేలితో రాసి చూపించింది. ఎడమ పక్క ఆగాల్సిన వేలు కుడి పక్క ఆగింది. ఇద్దరం ఆ వేలినే చూశాం. తొందరలో మనసు నేను చెప్పింది మరిచిపోయింది, చేయి వాళ్ల నాన్న దుకాణానికి వెళ్లిపోయింది. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఫలితం అనుకున్నట్టే వచ్చింది. పన్ను లెక్కల్లో మంచి మార్కులు, ఖాతాల్లో తప్పింది. బాపు అనేది ముందే అన్నాడు కదా. అవ్వ ఊపిరి పీల్చుకుంది. అన్న లారీ వేసుకుని వెళ్లిపోయాడు. వదిన రొట్టెలు తట్టే చప్పుడు మాత్రం కొన్నాళ్లు పెద్దగా వినిపించేది. వకీల్ సాబ్ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని అన్న ఒక రాత్రి నోరు జారాడు. ఆ మర్నాడు పొద్దున బాపు కాలువ మీదికి పోవడానికి తలకు రుమాలు చుట్టుకుంటుంటే, వదిన కొంగు భుజం మీదుగా కప్పుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది. నేను దర్వాజా పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"మామా, నాకు ఒక్క వంతిచ్చినవు. ఆ నీళ్లు నా మడికి రాలే."

బాపు రుమాలు చుట్టడం ఆపాడు. "మరెటు పోయినయి?"

"మా నాయిన మడికి పోయినయి. నేను రాసిందంత మా నాయిన నేర్పిన తీరు. ఈ ఇంట్ల నేర్సుకున్నది కాయితం మీద ఒక్క సుక్క సుత పడలే. నా పుట్టింటి వంతు అయిపోయింది. అత్తింటి వంతు ఇంక మిగిలే ఉన్నది. గట్టు తెగితే నువ్వు మల్ల ఇస్తవని ఊరంత అంటది."

నా జీవితంలో అంతటి వాదన నేను ఏ వకీలు నోటా వినలేదు. బాపు ఆమెను చూశాడు, కింద నేలను చూశాడు. కాలువ మీద ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"గట్టు ఎవలు తెంపిండ్రు?"

"నేనే తెంపిన మామా. ఆదరబాదర పడ్డ."

"తెంపినోళ్లే గట్టు పోసుకోవాలె."

"పోసుకుంట."

బాపు రుమాలు చుట్టుకుని వెళ్లిపోయాడు. అవుననలేదు, కాదనలేదు. అయితే గట్టు పోసుకోమన్నాడంటే నీళ్లు వస్తాయనే అర్థం, అది మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వదిన వంటింట్లోకి వచ్చి నన్ను గట్టిగా గిచ్చింది.

మళ్లీ పొయ్యి ముందు బడి మొదలైంది. గట్టు పోసుకోవడం చెప్పినంత తేలిక కాదు. జమను నెమ్మదిగా రాస్తే కుడి, తొందరపెడితే ఎడమ. అలా రోజులు గడుస్తుండగా ఒక సాయంత్రం బాపు తింటూ కోన్‌పీట వైపు చూశాడు. పిండిలో మేం ఒక ఖాతా గీసి పెట్టుకున్నాం, పైన అడ్డగీత, మధ్యలో నిలువుగీత. "ఇదేంది, తూము షట్టర్ గీసిండ్రా?" అన్నాడు. వదిన తన కష్టమంతా ఏకరువు పెట్టింది. ఆయన పెద్దగా ఆసక్తి లేనట్టే విని, "ఎడమ అంటే ఎవలి ఎడమ?" అన్నాడు. "కాలువకు ఎడమ గట్టంటే నీళ్లు పోయే దిక్కు మొఖం పెట్టి సూడాలె. ఎదురు తిరిగి నిలవడితే ఎడమనే కుడి అయితది. కొత్త లస్కర్లు గక్కడ్నే తప్పుతరు" అని చేయి కడుక్కోవడానికి లేచాడు.

వదిన పెనం మీది రొట్టె సంగతి మరిచిపోయింది. మాడు వాసన వస్తున్నా కదల్లేదు. "అగ బాయీ!" అని మరాఠీలో అరిచి పిండిలో ఈ పక్క ఒక గుండ్రం, ఆ పక్క ఒక గుండ్రం చేసింది. "పిల్లా, సూడు. పైసల పెట్టె నా దిక్కు ఉంటది. గిరాకి నాకు ఎదురుంగ కూసుంటడు. పెట్టెకు ఎడమంటే నా ఎడమ. ఆయన ఖాతల ఎడమంటే ఆయన ఎడమ. అది నాకు కుడి! మా నాయిన అందరి ఖాతలు తన దిక్కు నుంచే రాసిండు. ఈ పుస్తకమేమో ఎదుటోని దిక్కు నుంచి రాసింది." నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు. జమ కుడి పక్కకు ఎందుకు పోతుందో నాకు కూడా ఆ రోజే బోధపడింది. ఆ రోజు నుంచి ఆమె చేయి మళ్లీ తప్పలేదు. నేను ఎంత తొందరపెట్టినా, పక్కన గిన్నెలు చప్పుడు చేసినా, కళ్లు ఎత్తి ఎదురుగా ఒక మనిషి కూర్చున్నట్టు ఒకసారి చూసేది, సరైన పక్కనే రాసేది. నాకు ఎంత గర్వంగా ఉండేదంటే, బస్సులో పక్క సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్లకు చెప్పేదాన్ని.

రెండో పరీక్షకు బాపే తన మోపెడ్ మీద తీసుకెళ్లాడు. ట్రాక్టర్లు రోడ్డెక్కక ముందే, కోడి కూసిన కాసేపటికే బయల్దేరదీశాడు. గేటు తీయకముందే చేరి, తాళం వేసిన గేటు ముందు మామా కోడలూ చాలాసేపు నిలబడ్డారట. పరీక్ష అయ్యేదాకా ఆయన ఎండలోనే ఉన్నాడని, ఆమె బయటికి రాగానే "తొందరపడ్డవా?" అని ఒక్కటే అడిగాడని, "లే మామా" అంటే బండి స్టార్ట్ చేశాడని వదిన చెప్పింది.

ఫలితం నేనే కాలేజీ నుంచి వస్తూ చూసుకుని, మార్కుల కాగితం తీసుకుని వచ్చాను. ఊరి మలుపు దగ్గర బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తాను. వదిన పాస్, అదీ ఫస్ట్ క్లాసులో. అవ్వ చక్కెర పోసింది, కోడలి నోట్లో కాదు, నా నోట్లో. కోడలిని పట్టుకుని ఏడ్చేసింది. వకీల్ సాబ్ కుర్చీ ఆ వారమే దొరికింది. నేను చెప్పాలనుకున్నది ఇవన్నీ కాదు, బాపు గురించి. ఆయన ఆ సాయంత్రం కాలువ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చుని, మార్కుల కాగితం తెప్పించుకున్నాడు. చదవడం రాదు. అయినా రెండు వైపులా తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత కోడలిని పిలిచాడు.

"ఇది ఇంతటితోనే అయిపోతదా, దీని మీద ఇంక పెద్దది ఉన్నదా?"

"ఉన్నది మామా. ఇంకో పరీక్ష ఉన్నది."

"అయితే గదిసుత రాయి" అన్నాడు బాపు. ఎన్నిసార్లు రాయాలో చెప్పలేదు.

కొన్ని ఇళ్లలో ఆ మాట రావడానికి తరాలు పడతాయి. మా ఇంట్లో ఒక చెరుకు పంట కాలం పట్టింది.